ఒక మెట్టు కింద

వంతెన మునిగిన వరద ఏడాది జరిగిన సంగతి ఇది. అంతకు ముందు వరద వంతెన కాళ్ళు తడిపి పోయింది. ఈసారి నీళ్ళు వంతెన మీదుగా పారాయి. పల్లంలో ఉండేవాళ్ళు ఏళ్ళను అలాగే గుర్తుపెట్టుకుంటారు. ఫలానా వరదకు నా పెద్దది కడుపులో ఉంది, ఫలానా వరదకు మా గోడ కూలింది అంటారు. మిట్ట మీద ఉండేవాళ్ళకు ఆ గుర్తు అక్కర్లేదు. వాళ్ళ గడపల దాకా ఏ వరదా రాలేదు. ఆ ఏడూ రాలేదు. రానిది పనివాళ్ళే.

మిట్ట అంటే ఆ పట్నంలో డబ్బున్నవాళ్ళ పేట. వెడల్పు వీధులు, మనిషెత్తు ప్రహరీలు, గేటు పక్కన రాతి పలక మీద ఇంటాయన పేరు, ఆయన హోదా. డాక్టర్లు, లాయర్లు, పదవి దిగిన పెద్ద అధికారులు, పెద్ద వ్యాపారులు. ఒక్కో ఇంటికి గదులు ఎక్కువ, మనుషులు తక్కువ, కుక్కలు మనుషులకు సమానం. పగటిపూట ఆ వీధుల్లో నడిచేవాళ్ళలో ఆ వీధివాళ్ళు కనపడరు. డ్రైవర్లు, తోటమాలులు, పిల్లల్ని ఆడించే ఆయాలు, ఇస్త్రీ మూటలవాళ్ళు. పొద్దు గూకితే వాళ్ళంతా పల్లానికి దిగిపోతారు. అప్పుడు మిట్ట మీద దీపాలు, టీవీ చప్పుళ్ళు మిగులుతాయి.

ప్రతి ఇంటికీ రెండు దారులు. ముందు దారి వీధిలోకి, వెనక దారి సందులోకి. వెనక దారిన వచ్చే పనిమనిషి గంట నొక్కుతుంది. నొక్కిన తర్వాత ఒక మెట్టు కిందికి దిగి నిలబడుతుంది. అలా నిలబడమని ఎవరూ చెప్పలేదు. తల్లిని చూసి కూతురు, పాత మనిషిని చూసి కొత్త మనిషి నేర్చుకున్నారు. తలుపు తీసేవాళ్ళ కళ్ళకు తమ కళ్ళు సమానంగా రాకూడదు, అంతే. ఎవరైనా కొత్త పిల్ల పై మెట్టు మీదే నిలబడితే, తలుపు తీసినావిడ ఏమీ అనదు. అనకుండానే ఆ పిల్ల దిగుతుంది.

మూల మలుపు ఇంట్లో ముగ్గురుండేవారు. లాయరు, లాయరు తల్లి, లాయరు భార్య. కూతురు ఇంకో పట్నంలో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఇల్లు లాయరు తండ్రి కట్టించింది. ముందు రెండు గదులు లాయరు ఆఫీసు. వెనక కార్ల షెడ్డు, దాని మీద ఒక గది, గదికి బయట నుంచి ఇనప మెట్లు. పని మనిషి ఉంటుందని కట్టించారు గాని ఏళ్ళ తరబడి అందులో విరిగిన కుర్చీలు తప్ప ఎవరూ ఉండలేదు.

ఆ ఇంటి పనిమనిషిని అందరూ రేడియో అనేవారు. వచ్చింది మొదలు పోయేదాకా మాట్లాడుతుంది. ఏ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకు మాటల్లేవో, ఏ ఇంటి కుక్కకు విరేచనాలో రేడియో చెబితేనే మిట్ట మీద పక్కింటికి తెలిసేది.

వరద వచ్చిన మొదటిరోజు మిట్ట మీదివాళ్ళంతా డాబాలెక్కి నీళ్ళు చూశారు. మర్నాటికి వంటింట్లో గిన్నెలు చూసుకున్నారు. లాయరు భార్య పొద్దున్నే లేచి గిన్నెలు తోమింది, గదులు తుడిచింది, బట్టలు ఉతికింది, అత్తగారికి స్నానం చేయించింది, ఆఫీసులోకి టీలు పంపింది. పంపడమంటే తనే పట్టుకెళ్ళింది. లాయరు తలెత్తకుండా ఇదిగో ఈ ఫైలు, ఇదిగో ఆ ఫోను అన్నాడు. ఆయనకు భార్యను పిలవడానికి ఇదిగో తప్ప ఇంకో మాట పెళ్ళైన కొత్తలోనే అక్కర్లేకపోయింది. ఇల్లు పెద్దదైనా ఇదిగో అనే మాట ఎక్కడి నుంచి వినిపించినా ఆమె వచ్చేది. అది ఆమెకు కొత్త కాదు. రేడియో వచ్చే రోజుల్లోనూ పని తగ్గిందేమీ లేదు. పనిమనిషి వచ్చేలోపు లేవాలి, ఆమెకు పని తీసి పెట్టాలి, ఆమె చేసింది సర్దాలి, చేయనిది తను చేయాలి, చేసిందానికి అత్తగారితో మాట పడాలి. లాయరు మాత్రం స్నేహితుల ముందు నవ్వుతూ అనేవాడు, మా ఆవిడకేం, మహారాణి, ఇంట్లో అన్నిటికీ మనుషులే అని. ఆ మాటకు తనూ నవ్వేది. నవ్వకపోతే ఇంకో మాట వస్తుంది. ఆ వారం మహారాణి చేతివేళ్ళ సందుల్లో సబ్బుకు చర్మం ఊడింది. అది కనపడాలని ఆమె టీ కప్పు అందించేటప్పుడు కాస్త ఆగింది. లాయరు కప్పు చూశాడు.

వెనక సందులో మాత్రం ఆ వారం ఒక వింత జరిగింది. చెత్త తీసుకెళ్ళే బండి రాలేదు. మిట్ట మీది ఆడవాళ్ళు తమ చెత్త బకెట్లు తామే పట్టుకుని సందు చివర దాకా రావలసి వచ్చింది. ఏళ్ళ తరబడి కారు అద్దాల్లోంచి తలలూపుకున్నవాళ్ళు చేతుల్లో బకెట్లతో ఎదురుపడ్డారు. పక్కింటి కళ్ళ డాక్టరమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చి, మీరేనా, నేనింకా ఎవరో అనుకున్నాను అంది. లాయరు భార్య, నేనూ ఎవరో అనే అనుకున్నానండీ అంది. ఇద్దరూ బకెట్లు కింద పెట్టి నవ్వారు. అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో లాయరు భార్యకు గుర్తు రాలేదు.

అప్పుడే రేడియో ఫోను చేసింది. చూరు దాకా మునిగింది, బడిలో తలదాచుకున్నాం, ఒంటి మీది బట్టలే మిగిలాయి అని చెప్పి, ఎప్పుడూ ఆగని మనిషి కాసేపు ఆగింది. తర్వాత, షెడ్డు మీది గదిలో కొన్నాళ్ళు నన్నూ నా కూతుర్నీ ఉండనిస్తారా అమ్మగారూ అని అడిగింది. లాయరు భార్య మొగుణ్ణి అడిగింది. బయటివాళ్ళెవరూ పేటలో రాత్రి పడుకోకూడదని మిట్ట సంఘం కట్టుబాటు. లాయరు ఆ సంఘానికి కార్యదర్శి. ఆ కట్టుబాటు రాసిందే నేను, నేనే తప్పితే ఇంక నా మాట ఎవడు వింటాడు అన్నాడు. పాత బట్టలేమైనా ఉంటే తీసి ఉంచు, ఆదివారం మనింట్లో సంఘం మీటింగు పెట్టి పల్లానికి పంపిద్దాం అని కూడా అన్నాడు. చూస్తాను అని మాత్రం ఆమె రేడియోకు చెప్పింది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పెరటి తూము పూడిపోయింది. వాననీళ్ళు వంటింటి గడప దాకా వచ్చి నిలిచాయి. మొగుడికి చెబితే, రేడియో రానీ అన్నాడు. నీళ్ళు రేడియో కోసం ఆగేలా లేవు. లాయరు భార్య ఇంట్లో కట్టే పాత బట్టలు మోకాళ్ళ పైకి ఎగదోపుకుని, నెత్తికి తువ్వాలు చుట్టుకుని, తూము దగ్గర గొంతుక్కూర్చుంది. భుజం దాకా చెయ్యి లోపల పెట్టింది. కుళ్ళిన ఆకులు, వెంట్రుకల చుట్టలు, ఒక పాత గుడ్డ వచ్చాయి. లోపల రేకు అంచు తగిలి మణికట్టు పొడుగునా గీసుకుపోయింది. ఆఖరికి నీళ్ళన్నీ గడగడమని దిగిపోయాయి. ఆమెకు గొప్ప సంతోషం కలిగింది. ఈ ఇంట్లో ఒక పని పూర్తయినట్టు చప్పుడు చేసి చెప్పడం అదే మొదటిసారి అనిపించింది.

"అరె, మీ పనిమనిషి వచ్చిందే. అదృష్టవంతులండీ."

ఆమె తల తిప్పి చూసింది. వెనక వరండాలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. తెల్ల జుట్టు, మంచి శాలువా, చేతిలో గొడుగు. వీధి చివరింట్లో కొత్తగా దిగిన పెద్ద జడ్జిగారి భార్య అని గొడుగు పిడి చూడగానే తెలిసింది. ఆ వెండి పిడి గురించి రేడియో ముందే చెప్పింది. జడ్జిగారు పదవి దిగినా పై కోర్టులో ఆయన మాట ఇంకా చెల్లుతుందంటారు. లాయరుకు తనూ జడ్జి కావాలని ఎప్పటి నుంచో ఉంది. వాళ్ళిద్దరూ తమంత తాము నడిచి తన ఇంటికి వస్తారని ఆయన కలలో కూడా అనుకోలేదు. జడ్జిగారు ముందు గదిలో కూర్చుంటే పెద్దావిడ కాళ్ళు కడుక్కోవడానికి వెనక్కి వచ్చింది. లాయరు ఆమె వెనకే తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు.

లాయరు భార్య లేచి నిలబడింది. మోచేతుల నుంచి బురద నీళ్ళు కారుతున్నాయి. ఆయన చెబుతాడని చూసింది. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క మాట. కాస్త ఇబ్బందిగా నవ్వి, మా ఆవిడండీ అంటే సరిపోయేది. ఆయన భార్య చేతులు చూశాడు, తువ్వాలు చుట్టిన తల చూశాడు, పెద్దావిడ శాలువా చూశాడు.

"ఆఁ... మా దగ్గరే ఉంటుందండీ. షెడ్డు మీద గదిలో."

"ఇంట్లో ఆవిడ?"

"ఊళ్ళో లేదండీ. వరద ముందే పుట్టింటికి వెళ్ళి అక్కడ చిక్కుకుపోయింది."

పెద్దావిడ మంచి మనిషే. కాళ్ళు కడుక్కుంటూ, నీ పేరేంటమ్మా అని అడిగింది. లాయరు భార్య నోరు తెరిచేలోపే లాయరు అందుకున్నాడు.

"రేడియో అంటామండీ."

"ఒక్క మాటా మాట్లాడటం లేదు, రేడియో ఏమిటి?" అని పెద్దావిడ నవ్వింది.

లాయరూ నవ్వాడు. నవ్వి, భార్య వైపు తిరిగి మెత్తగా, "ఏమ్మా, చేతులు కడుక్కుని నాలుగు టీలు పెట్టమ్మా" అన్నాడు.

ఆమె టీలు పెట్టింది. ఎందుకు పెట్టిందని తర్వాత చాలాసార్లు తనను తాను అడుక్కుంది. బహుశా చేతులకు అలవాటైపోయి. పొయ్యి ముందు నిలబడ్డంతసేపూ ఆమె చెవుల్లో ఆ గొంతే ఉంది. అబద్ధం కంటే ఆ గొంతే ఎక్కువ గుచ్చుకుంది. కాపురానికి వచ్చి ఇన్నేళ్ళలో ఆయన తనను టీ అడగలేదు. ఇదిగో టీ అనేవాడు. లేకపోతే ఖాళీ కప్పు బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టేవాడు. అడగటం అనేది ఆయనకు తెలుసని, అంత మెత్తటి గొంతు ఆయన దగ్గర ఉందని ఆమెకు ఈ రోజు తెలిసింది. పరాయివాళ్ళ ముందు పనిమనిషితో మర్యాదగా మాట్లాడాలి. భార్యతో అక్కర్లేదు. అంటే ఈ ఇంట్లో నేను దిగజారానా, ఒక మెట్టు పైకెక్కానా అనుకుంది. ఆ ఆలోచనకు నవ్వు వచ్చింది. నవ్వు వెంటనే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఉల్లిపాయలైనా తరగడం లేదే అని తుడుచుకుంది.

ముందు గదిలోకి టీలు పట్టుకెళ్ళింది. అత్తగారు తన కుర్చీలో కూర్చుని ఉంది. ఆమెకు కళ్ళు బాగానే కనపడతాయి, చెవులు ఇంకా బాగా వినపడతాయి. కోడలు ఇచ్చిన ఏ కప్పునూ ఆమె వంక పెట్టకుండా తీసుకోలేదు. చక్కెర ఎక్కువనో, ఆరిపోయిందనో ఏదో ఒకటి. ఆ రోజు రెండు చేతులూ చాచి కప్పు అందుకుంది. కొడుకు వైపు చూసింది.

పెద్దావిడ వెళ్తూ, మాకెవరూ రావడం లేదు, సాయంత్రాలు రేడియోని మా ఇంటికి కూడా పంపగలరా అని అడిగింది. లాయరు, దానికేముందండీ, తప్పకుండా అన్నాడు.

వాళ్ళు గేటు దాటాక లాయరు వంటింట్లోకి వచ్చాడు. వంటింట్లోకి ఆయన రావడం అరుదు. కుర్చీ లేదు కాబట్టి ఎక్కడ నిలబడాలో తెలియక ఫ్రిజ్ పక్కన నిలబడ్డాడు.

"ఇదిగో, మనసులో పెట్టుకోకు. ఆ బురదా అదీ చూసేసరికి నోట్లోంచి అలా వచ్చేసింది. ఆ అవతారంలో నిన్ను నా భార్య అని ఎలా చెప్పమంటావ్?"

"చెబితే ఏమయ్యేది?"

"లాయరు పెళ్ళాం తూములు తీస్తోందని మిట్టంతా చెప్పుకునేవాళ్ళు."

"తీస్తున్నాను కదా."

ఆయన ఆదివారం మీటింగుకు జడ్జిగారు వాళ్ళూ వస్తారని, ఆ లోపు ముందు వీధిలోకి రావద్దని, ఆ రోజు మంచి బట్టలు కట్టుకుని కూర్చుంటే పుట్టింటి నుంచి వచ్చిందని చెబుతానని అన్నాడు. పెద్దావిడ గుర్తుపడితే అని ఆమె అడిగింది.

"పట్టరు. పనివాళ్ళ ముఖం ఎవరు చూస్తారు?" అన్నాడు. ఆయన అది ఓదార్పుగానే అన్నాడు.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి ఇంకో మాట చెప్పాడు. రేడియోని ఇక రావద్దని చెప్పెయ్యమన్నాడు. అసలైన రేడియో వచ్చి పెద్దావిడ కళ్ళబడితే తన పరువు గంగలో కలుస్తుందని, ఇంకో మనిషిని చూసుకుందామని అన్నాడు.

"ఆమె ఇల్లు మునిగింది."

"నేనేం ముంచలేదుగా."

ఆ సాయంత్రం లాయరు భార్య అద్దం ముందు కూర్చుంది. తువ్వాలు తీస్తే ఒక మనిషి, చుడితే ఇంకో మనిషి. ముఖం ఒకటే. ఆదివారం ఈ ముఖం పక్కన ఆ పెద్దావిడ కూర్చుంటుంది, చూడదు. ఆయన చెప్పింది నిజమే. తనకెలా తెలుసంటే, తనూ చూడలేదు. రేడియోకి ముందు పనిచేసిన మనిషి ముఖం గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. గాజుల చప్పుడు గుర్తుంది, కాఫీ గ్లాసు పెట్టే గూడు గుర్తుంది, మెట్టు దిగి నిలబడటం గుర్తుంది. ముఖం ఉండవలసిన చోట ఏమీ లేదు. నా ముఖం ఈ ఇంట్లో ఎవరికి గుర్తుంది అనుకుంది. ఆయన కళ్ళు మూసుకుని చెప్పమంటే నా కళ్ళ కింద మచ్చ ఏ వైపుందో చెప్పగలడా? టీ ఎంత చిక్కగా ఉండాలో చెప్పగలడు. చొక్కా కాలరు ఎలా నిలబడాలో చెప్పగలడు. నేను ఆయనకు చేసే పనుల్లాగానే తెలుసు, పని వెనక మనిషి తెలియదు. అలాంటప్పుడు ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కూడా కాదేమో. ఆ మాట దగ్గరికి వచ్చాక ఆమె ఆలోచన ఆగిపోయింది. ఒకటి మాత్రం గట్టిగా అనుకుంది. ఆయన అబద్ధం నిలబడాలంటే రేడియో పని పోవాలి. నా పేరు తీసేయడానికి ఆమె పేరు వాడుకున్నాడు, ఇప్పుడు ఆమెను కూడా తీసేస్తానంటున్నాడు. రేడియోకు రావద్దని ఆమె ఫోను చెయ్యలేదు.

ఆదివారం నాటికి నీళ్ళు తీశాయి. మీటింగుకు ముందు గది నిండింది. హాలు మూలన పాత బట్టల మూటలు పోగుపడ్డాయి. లాయరు భార్య పొద్దుటి నుంచి వండి, గాజు బీరువాలోంచి మంచి కప్పులు తీసి కడిగి, తుడిచి, అందరూ వచ్చేవేళకు బట్టలు మార్చుకుని సోఫాలో కూర్చుంది. జడ్జిగారి భార్య వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. ఎప్పుడొచ్చారమ్మా, దారిలో నీళ్ళున్నాయా, పుట్టింట్లో అందరూ బాగున్నారా అని ఆప్యాయంగా అడిగింది. చెయ్యి పట్టుకుంది. లాయరు గదికి అవతలి వైపు నిలబడి జడ్జిగారితో మాట్లాడుతున్నాడు. ఆయన మాట అటు, కళ్ళు ఇటు.

"అయ్యో, ఇంత పొడుగున గీసుకుపోయిందేమిటి?" అంది పెద్దావిడ మణికట్టు చూసి.

"పిల్లి గీరిందండీ" అన్నాడు లాయరు అక్కడి నుంచే.

ఎదురుగా కూర్చున్న కళ్ళ డాక్టరమ్మ, మీ ఇంట్లో పిల్లి ఎప్పుడొచ్చింది అని అడిగింది.  పెద్దావిడ ఆ మాట వినిపించుకోలేదు. ఆమె చూపు టీ కప్పు మీద ఉంది.

"మీ పనిమనిషి టీ బాగా పెడుతుందమ్మా. అదే చెయ్యి, తాగగానే తెలిసింది. సాయంత్రాలు మా ఇంటికి పంపుతానన్నారు మీవారు. రేడియో ఏదీ, కనపడదే? పేరు రేడియో, నోట్లోంచి ఒక్క ముక్క రాదు."

"రేడియోనా? ముక్క రాదా?" అంది కళ్ళ డాక్టరమ్మ. అంటూ లాయరు భార్య మణికట్టు చూసింది, ముఖం చూసింది, అవతల లాయరు ముఖం చూసింది. ఆమె నోరు మూసుకుంది. కప్పు సాసరులో మెల్లగా పెట్టింది.

గదిలో మిగతావాళ్ళు మూటల గురించి మాట్లాడుకుంటున్నారు. లాయరు జడ్జిగారిని వదిలి సోఫా దగ్గరికి వచ్చాడు. ఆయన నుదురు చెమర్చింది. గొంతు మాత్రం కోర్టులో గొంతులాగే ఉంది.

"పని మానేసిందండీ."

"మానేసిందా? ఎందుకని?"

"వాళ్ళంతేనండీ. నీడ ఇచ్చి, తిండి పెట్టి, సొంత మనిషిలా చూసుకున్నా విశ్వాసం ఉండదు."

పెద్దావిడ నిట్టూర్చి లాయరు భార్య వైపు తిరిగింది. "మీరైనా ఆపలేకపోయారా అమ్మా?"

లాయరు భార్య మొగుడి వైపు చూడలేదు. పెద్దావిడ కళ్ళలోకే చూసింది.

"ఆపాలనిపించలేదండీ. ఎప్పుడో మానేయాల్సింది."

అప్పుడు వెనక గంట మోగింది.

లాయరు కదిలాడు. భార్య అంతకంటే ముందు లేచింది. వెనక తలుపు తీస్తే రేడియో. ఒక మెట్టు కింద నిలబడి ఉంది. ఎవరిదో చొక్కా, మోకాళ్ళ దాకా ఎండిన బురద, చంకన ఒక ప్లాస్టిక్ సంచి. పక్కన కూతురు, పెళ్ళీడు పిల్ల. నీళ్ళు తీశాయమ్మగారూ, అందుకే వచ్చేశాను, పని ఎంత పేరుకుపోయిందో ఏమో అంది. లోపల నుంచి మాటలు వినిపించి గొంతు తగ్గించింది.

లాయరు భార్య మేకుకు తగిలించిన షెడ్డు గది తాళంచెవి తీసుకుని బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. వాళ్ళకు ముందు నడిచి ఇనప మెట్లెక్కింది. తాళం తీసింది. విరిగిన కుర్చీలు ఒక మూలకు జరిపితే మంచం కనపడింది. కిటికీ తీస్తే సందు, సందు దాటి పల్లం, పల్లంలో బురద రంగు. ఇక్కడ ఉండు అంది. అయ్యగారు ఒప్పుకున్నారా అని రేడియో అడిగింది.

"షెడ్డు మీద గదిలో రేడియో ఉంటుందని ఆయనే అందరికీ చెప్పారు."

రేడియోకు అర్థం కాలేదు. లాయరు భార్య జరిగిందంతా చెప్పింది. నాలుగు మాటల్లోనే అయిపోయింది. రేడియో చాలాసేపు ఏమీ అనలేదు. ఆమె మాట్లాడకుండా ఉండటం లాయరు భార్య ఎప్పుడూ చూడలేదు.

"అయితే ఇప్పుడు నాకు పని ఉన్నట్టా, లేనట్టా అమ్మగారూ?"

"మనిద్దరం మానేశామట."

రేడియో ముందు కూతురి ముఖం చూసింది. తర్వాత ఇద్దరూ నవ్వారు. నవ్వి, రేడియో కళ్ళు తుడుచుకుంది. మీరు మానేస్తే ఎలాగమ్మగారూ, నాకు ఈ ఇల్లు కాకపోతే ఇంకో ఇల్లు, మరి మీకు? అంది.  లాయరు భార్య దుప్పట్లు తెస్తాను అని కిందికి దిగింది.

ఆమె వచ్చేసరికి అందరూ వెళ్ళిపోతున్నారు. గేటు దగ్గర నమస్కారాలయ్యాయి. కళ్ళ డాక్టరమ్మ ఆఖరున వెళ్తూ ఆమె చెయ్యి గట్టిగా నొక్కి, రేపు సందులో కలుద్దాం అంది. చెత్త బండి రేపటి నుంచి వస్తుందట అని లాయరు అన్నాడు. వచ్చినా కలుద్దాం అంది డాక్టరమ్మ.

తలుపు వేశాక లాయరు కుర్చీలో కూలబడ్డాడు. గండం గడిచినట్టు కాళ్ళు చాపాడు. గది నిండా కప్పులు. కిటికీ అంచు మీద, సోఫా చేతుల మీద, బట్టల మూటల మీద.

"ఇదిగో, ఇవి తియ్యి. చీమలు పడతాయి."

ఆమె నిలబడే ఉంది.   

"ఆ మనిషి పని మానేసిందన్నారుగా."

"నాటకాలాడకు."

"నాటకం నేను మొదలుపెట్టలేదు. ఇద్దర్లో ఒకర్ని మీరు పంపించేశారు. తీసేది, కడిగేది, పెట్టేది ఆమె. మిగిలినామె మంచి బట్టలు కట్టుకుని సోఫాలో కూర్చునే ఆమె. ఆమెకి పని రాదు."

లాయరు ఏదో అనబోయాడు. కోర్టులో ఎవరి నోరైనా మూయించగలడు. ఇక్కడ ఎదుటి మనిషి చెప్పేవన్నీ తను అన్న మాటలే. చివరికి, రేడియోని లోపలికి రానిచ్చావు కదూ, సంఘంవాళ్ళకు నేనేం చెప్పను అన్నాడు. మీకు చెప్పడం వచ్చు కదా అంది ఆమె.

లోపలికి వెళ్ళి రెండు దుప్పట్లు, తన దిండు, పళ్ళ బ్రష్షు తీసుకుంది. తన దిండు ఏదో వెతుక్కోనక్కర్లేదు, ఏళ్ళ తరబడి పల్చబడింది అదే. అత్తగారి గది దాటుతుంటే పిలుపు వినిపించింది. ముసలామె మంచం మీద కూర్చుని ఉంది. దిండు చూసింది. తిడుతుందనుకుంది కోడలు. మగాణ్ణి కాదని గడప దాటుతావా అంటుందనుకుంది. ఎన్నోసార్లు చిన్న చిన్న వాటికే అంతంత మాటలన్న మనిషి.

"ఆ గది తలుపుకి లోపల గడియ ఉంటుంది. కొంచెం పైకెత్తి నెడితేగాని పడదు" అంది అత్తగారు. కాసేపాగి, "నాకెలా తెలుసని అడక్కు" అని అటు తిరిగి పడుకుంది.

ఆమె ఇనప మెట్లెక్కింది. గడియ పైకెత్తి నెట్టింది. పడింది. మంచం రేడియో కూతురికి ఇచ్చి, పెద్దవాళ్ళిద్దరూ నేల మీద దుప్పటి పరుచుకున్నారు. రేపు ఆయన వస్తే ఏం చెప్పాలో ఆమె ఆలోచించుకోలేదు. రేడియో అడిగిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది. నాకు ఇంకో ఇల్లు, మీకు? ఇంకో ఇల్లు లేదు. కాబట్టి ఈ ఇంట్లోనే కొత్తగా చేరాలి. చేరేటప్పుడు మాట్లాడుకోవాలి. రేడియో ప్రతి ఇంట్లోనూ మాట్లాడుకునే చేరుతుంది. ఏ పని చేస్తుంది, ఏది చెయ్యదు, ఎప్పుడొస్తుంది, ఎప్పుడు పోతుంది, ఏమని పిలవాలి. తను మాట్లాడుకోకుండా చేరింది. అదే తేడా అనుకుంది. పక్కన రేడియో వరద కబుర్లు మొదలుపెట్టింది. వింటూ నిద్రపోయింది.

పొద్దున లాయరు అలవాటుగా ఇదిగో అన్నాడు. ఇల్లు పలకలేదు. లేచి ముందు గదిలోకి వచ్చాడు. కప్పులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, చీమలు పట్టాయి. ఆయన వాటిలో తన కప్పు వెతికి తీసుకుని, వంటింట్లో అదొక్కటే కడిగాడు. టీపొడి ఎక్కడుంటుందో తెలియలేదు. మూడు డబ్బాలు మూత తీసి చూశాడు. తల్లి గది ముందుకు వెళ్ళి అడగబోయాడు. ఆమె మేలుకునే ఉండి కళ్ళు మూసుకుంది. కడిగిన కప్పు పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. తూము దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత ఇనప మెట్లెక్కాడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగినా ఆ మెట్లు ఆయన ఎక్కడం అదే మొదలు. పైన తలుపు మూసి ఉంది. లోపల ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. ఇదిగో అనబోయి నోరు తెరిచాడు. లోపలున్నది ముగ్గురు. ఇదిగో అంటే ఎవరు పలకాలి? ఏమని పిలవాలో తెలియక వేలి కణుపుతో తలుపు మీద మెల్లగా తట్టాడు. తట్టి, ఒక మెట్టు కిందికి దిగి నిలబడ్డాడు.